ఎలాంటి మార్పులూ చేయలేదు

పరీక్షల విభాగం క్లర్కు తలుపు తోసుకుని వచ్చేసరికి యూనివర్సిటీ ఫోటోగ్రాఫరు కంప్యూటరు ముందు కూర్చుని ఫిజిక్స్ హెడ్డుగారి బట్టతల మీద మెరుపు తుడుస్తున్నాడు. తుడవడమంటే గుడ్డతో కాదు, మౌసుతో. వెబ్‌సైటులో పెట్టాలి, నా తల ట్యూబులైటులా ఉందయ్యా, కాస్త మనిషి తలలా చెయ్యి అని హెడ్డుగారు పొద్దున్నే ఫోను చేసి మరీ చెప్పారు.

"ఏవయ్యా సహజం, ఖాళీయేనా?"

"ఖాళీగా ఉంటే హెడ్డుగారి తల ఎవరు తోముతారు బాబాయ్? రా రా, తల! తల చూసుకో!"

చెప్పేలోపే తగిలింది. ఆఫీసు భవనంలో మెట్ల కింద మిగిలిన జాగానే ఫోటో విభాగం. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది, వచ్చిన ప్రతివాడూ ఒకసారి తల కొట్టుకుంటాడు, అందుకే పాత సోఫాలోంచి పీకిన స్పాంజి ముక్క ఒకటి అక్కడ అంటించి ఉంది. ఎనిమిదేళ్లుగా ఈ యూనివర్సిటీలో చేరిన ప్రతి మనిషీ ఆ స్పాంజికి తల గుద్దుకుని, బూడిదరంగు కర్టెను ముందు స్టూలు మీద కూర్చుని లేచినవాళ్లే. కూర్చోగానే అతను "సహజంగా ఉండండి, సహజంగా" అంటాడు. అంతే, అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి కాస్తా కర్ర మింగినట్టు బిగుసుకుపోతాడు. పిల్లలు సహజం సార్ అని పేరు పెట్టేశారు, అది పాకి పాకి క్లర్కు బాబాయ్ దాకా వచ్చింది.

బాబాయ్ వేళ్లకి ఎప్పుడూ స్టాంపు సిరా ఉంటుంది. ఆ వేళ్లతోనే ఒక కాగితం బల్ల మీద పరిచాడు.

"మన కొత్త అడ్మిషన్ల పుస్తకం అట్ట మీద పరీక్ష హాలు ఫోటో ఉంది చూడు, అది పెద్ద సైజులో కావాలట. ఉన్నది ఉన్నట్టు. ఇదిగో, దీని మీద ఓ సంతకం."

రెండే వాక్యాలు టైపు చేసి ఉన్నాయి. ఈ ఫోటో నేనే తీశాను. ఇందులో ఎలాంటి మార్పులూ చేయలేదు.

"ఎందుకు బాబాయ్, పోటీకి పంపుతున్నారా?"

"కమిటీ అడిగింది. అడిగింది పట్టుకెళ్లి ఇవ్వడమే నా పని, నేను స్టాంపేసేవాణ్ణి."

కమిటీ అనగానే అతను లోలోపల ఉబ్బిపోయాడు. ఆ ఫోటో అంటే అతనికి ప్రాణం. రోజంతా మొటిమలు చెరిపీ, టైలు సర్దీ, మూసిన కళ్ల మీద తెరిచిన కళ్లు అతికించీ విసిగిపోయే అతను, ఆ ఒక్కదాన్ని మాత్రం వేలు పెట్టకుండా వదిలేశాడు. వెలుగు కూడా పెంచలేదు. పెన్ను తీసుకుని దర్జాగా, కింద గీత కూడా గీసి మరీ సంతకం పెట్టాడు. ఫోటో పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాడు. బాబాయ్ ఈసారి జాగ్రత్తగా వంగి, గడప దాటుతూ వెనక్కి తిరిగాడు.

"పాపం, ఆ పిల్లకి ఏడాది గోవిందా."

"ఏ పిల్లకి?"

"కాపీ కొట్టిన పిల్లకయ్యా! పక్కపక్క బెంచీల్లో ఇద్దరికి నాలుగో లెక్కలో అచ్చంగా ఒకే తప్పు. ఎవరిది ఎవరు చూశారో తేలక తల పట్టుకుంటే, మన పుస్తకం అట్ట మీదే దొరికిపోయింది. పక్క పేపర్లోకి తొంగి చూస్తూ! నీ చెయ్యి మంచిదయ్యా, పక్కన నిలబడి కళ్లారా చూసినట్టుంది."

బాబాయ్ వెళ్లిపోయాడు. అతను హెడ్డుగారి తలని మూసేసి ఆ ఫోటో తెరిచాడు. పొడవాటి హాలు, వరసలు వరసలుగా వంగిన తలలు, కిటికీలోంచి ఏటవాలుగా పడ్డ పొద్దుటి ఎండ, ఆ ఎండ సరిగ్గా ఒక్క మొహం మీదే. మూడో వరసలో అమ్మాయి. తల ఎత్తి, ఎడమకి తిరిగి ఉంది. పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ఆ మొహాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. నిజమే, ఆ కళ్లు పక్క బెంచీ మీది పేపరు మీద వాలి ఉన్నాయి.

ఎందుకు వాలాయో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ రోజు ఆ అమ్మాయి జుట్టు మొహానికి అడ్డం పడి వెలుగంతా వృథా అయిపోతుంటే, అతను బెంచీల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, తలుపు దగ్గర అదనపు కాగితాలు లెక్కపెట్టుకుంటున్న ఇన్విజిలేటరు మేడమ్‌కి వినపడకుండా, "అమ్మా, కాస్త తలెత్తి ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, పెన్ను అలాగే ఉంచు" అన్నాడు. ఫోటోలో కిందకి వాలిన కళ్లు బాగుంటాయని, "కళ్లు కొంచెం దించు" అని కూడా అన్నాడు. పరీక్ష రాసేవాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడనని అంతకు ముందు రోజే సంతకం పెట్టి హాల్లోకి వెళ్లినవాడు!

తలుపు చప్పుడైంది. కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన స్పాంజికి తల కొట్టుకుని, నవ్వేసి, స్టూలు మీద కూర్చున్నాడు. అతను కెమెరా ఎత్తాడు. "సహజంగా" అనబోయి ఆగిపోయాడు. ఏమీ అనకుండానే నొక్కాడు. ఎనిమిదేళ్లలో మొదటిసారి స్టూలు మీది మనిషి ఫోటోలో మామూలుగా పడ్డాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య ఉతికిన బట్టలు మంచం మీద పోసుకుని మడతలు పెడుతోంది. ఆవిడ కోర్టులో టైపిస్టు. పగలంతా జనం చెప్పే సాక్ష్యాలు టైపు కొట్టి కొట్టి, ఎవడు ఎక్కడ నీళ్లు నములుతున్నాడో చప్పున పట్టేస్తుంది. అతను ఎదురుగా కూర్చుని సాక్సులు జతలు చేస్తూ, మా ఆఫీసులో ఒకతను ఉన్నాడే, అతనేం చేశాడంటే, అని మొదలుపెట్టాడు.

రెండు నిమిషాలు విన్నదావిడ.

"ఆ ఒకతను నీలం సాక్సునీ నల్ల సాక్సునీ కలిపి జత చేస్తున్నాడు. చెప్పండి, ఏం చేశారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతను గబుక్కున సాక్సులు వదిలేశాడు. అంతా చెప్పేశాడు. చెప్పి, ఊపిరి తీసుకుని, "కానీ నేను సంతకం పెట్టినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు కదా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"మా దగ్గరికొచ్చే సాక్షులు సగం మంది అంతేనండీ. అబద్ధమాడరు. అడిగినదానికి మాత్రం చెప్పి బోనులోంచి దిగిపోతారు. అడగనిది కడుపులో పెట్టుకుని ఇంటికి పోతారు." దుప్పటి కొస ఒకటి అతని చేతికిచ్చింది, రెండో కొస పట్టుకుని దూరంగా జరిగింది. "పట్టుకోండి, లాగండి."

అతను లాగాడు. "కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. పర్మినెంటు చేసే ఫైలు రిజిస్ట్రారుగారి బల్ల మీదే ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే..."

"తెలుసు."

"ఏం చెయ్యమంటావు?"

"ఆ పిల్లకి ఏమవుతుందో అడిగారా?"

"ఇంకా లేదు."

"ముందు వెళ్లి అడగండి. తర్వాత తీరిగ్గా బాధపడుదురుగాని."

మర్నాడు మంగళవారం. పొద్దున ఒక సెమినారు, దీపం వెలిగించే ఫోటోకి పదిహేను మంది ప్రొఫెసర్లు ఎవరు మధ్యలో నిలబడాలో తేల్చుకోలేక అరగంట తిన్నారు. అది ముగించుకుని ఆ అమ్మాయిని వెతుక్కుంటూ బయల్దేరాడు. క్లాసులో లేదు, క్యాంటీన్లో లేదు. చివరికి లైబ్రరీ వెనక జిరాక్సు కొట్టు దగ్గర కనపడింది. నోట్సు పుస్తకం పేజీ తర్వాత పేజీ తిప్పి మిషను మీద బోర్లిస్తోంది. ఫోటోలో కంటే చిన్నగా ఉంది. అతన్ని చూడగానే కాగితాలు గుండెలకి అదుముకుంది.

"అమ్మా, నీతో కొంచెం..."

"మీరే కదా సార్ ఆ రోజు."

"నేనే. అదే చెబుదామని..."

"నేను చెప్పేశాను సార్. నోటీసు వచ్చిన రోజే రాసిచ్చాను, ఫోటో సారే తల తిప్పమన్నారు, కళ్లు కూడా ఆయనే దించమన్నారు అని. అయితే ఆయన్నే అడుగుతామన్నారు. నిన్న సాయంత్రం పిలిచి చెప్పారు." ఆ అమ్మాయి గొంతు వణకలేదు, అదే అతనికి మరీ కష్టంగా ఉంది. "మిమ్మల్ని అడిగారట, అలాంటిదేం లేదని మీరు సంతకం పెట్టి ఇచ్చారట."

అతనికి అప్పుడర్థమైంది. నిన్న దర్జాగా కింద గీత గీసి మరీ ఇచ్చిన ఆ సంతకం, ఈ పిల్ల మాటకి జవాబన్నమాట. పోటీకి పంపుతున్నారా అని నవ్వుతూ అడిగాడు కూడా.

"నేనలా రాయలేదమ్మా! ఫోటోలో మార్పులేం చేయలేదని, అంతవరకే..."

"ఆ సంతకం మీదా కాదా సార్?"

"నాదే."

"మరి?"

జిరాక్సు మిషను గుర్రుమంటూ ఒక కాగితం బయటికి తోసింది. ఆ అమ్మాయి అది తీసి మిగతావాటితో కలిపి అంచులు తట్టింది.

"పక్క బెంచీ మా రూమ్మేటే సార్. ఇద్దరం ఇదే నోట్సు చదివాం, ఇందులోనే తప్పుంది, ఇద్దరం అదే తప్పు దింపాం. అందుకే ఈ కాపీలు. దాన్ని అడిగితే నాకేం తెలీదు, నేను తలే ఎత్తలేదు అంది. నిజమే. అది ఎత్తలేదు. దాన్ని ఎత్తమని మీరు చెప్పలేదుగా."

"ఇంట్లో తెలుసా?"

"మా అక్క చదివిస్తోంది నన్ను. రోజూ ఫోను చేసి రిజల్ట్సు ఎప్పుడే అంటుంది. ఇంకా దిద్దుతున్నారు అక్కా అంటున్నాను. ఏడాది డిబారు చేస్తే ఏమంటానో..." అక్కడ ఆగిపోయింది. "ఎల్లుండి పదకొండింటికి కమిటీ."

"నేనొస్తాను. వచ్చి చెప్తాను."

"రండి సార్." ఆ అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకుంది. "మీరు రాకపోయినా నేను చెప్పేది అదే."

వస్తానని చెప్పడం సులువే. బుధవారం పొద్దున ఆ రోజు వాడిన కెమెరా మెమరీ కార్డు డబ్బాలోంచి తీసి కంప్యూటరుకి పెట్టాక అతనికి ఇంకో దారి కనపడింది. అట్ట మీద వేసింది ఒక్క ఫోటోయే కానీ, ఆ నాలుగు నిమిషాల్లో ఆ అమ్మాయిని పదకొండుసార్లు తీశాడు. వరసగా పరిచి చూశాడు. మొదటి మూడింట్లో తల వంచుకుని రాసుకుంటోంది. నాలుగో దాంట్లో ఉలిక్కిపడి తిన్నగా కెమెరాలోకి చూస్తోంది, ఎవరో పిలిచినట్టు, నన్నేనా అన్నట్టు. అయిదు, ఆరు, ఏడు, ఎడమకి తిరిగి ఉంది. ఎనిమిదిలో, అయిపోయిందా అన్నట్టు మళ్లీ కెమెరాకేసి. ఆ తర్వాతవన్నీ వంచిన తల. సెకన్లతో సహా టైము పడి ఉంది. ఇంకేం కావాలి? కళ్లున్నవాడెవడికైనా అర్థమైపోతుంది, ఈ పిల్ల తనంతట తను తిరగలేదు, ఎవరో తిప్పారని! తను నోరు విప్పక్కర్లేదు, ఫోటోలే చెప్తాయి. కర్రా విరగదు, పామూ చస్తుంది.

పదకొండూ మంచి కాగితం మీద ప్రింటు తీశాడు. వెనక పెన్సిలుతో ఒకటి, రెండు అని అంకెలేశాడు. కవర్లో పెట్టి స్వయంగా తీసుకెళ్లి బాబాయ్ చేతికిచ్చాడు.

"ఇవి కూడా కమిటీకి అందించు బాబాయ్. పూర్తిగా చూస్తే మంచిదని."

"ఏదైనా రాశావా పైన?"

"రాయక్కర్లేదు. చూస్తే తెలిసిపోతుంది."

గది దాకా ఈల వేసుకుంటూ వచ్చాడు. హెడ్డుగారి బట్టతల కూడా పూర్తి చేసేశాడు. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడుక్కుంటుంటే బాబాయ్ వచ్చాడు, మొహం వెయ్యి క్యాండిళ్ల బల్బులా వెలిగిపోతోంది.

"శభాషయ్యా! కమిటీ పెద్దాయన నీ పనితనం చూసి ముచ్చటపడిపోయారనుకో. ఒకే ఫోటో ఉంటే ఏదో అటు చూసిందిలే అనుకునేవాళ్లట. ఇప్పుడు సెకన్లతో సహా తేలిపోయింది, ఆ పిల్ల ఒకసారి కాదు, మూడుసార్లు చూసిందని! పైగా ముందోసారీ వెనకోసారీ ఫోటోగ్రాఫరు గమనిస్తున్నాడా అని దొంగచూపులు చూసిందట!"

కప్పు చేతిలోంచి జారి సింకులో పడింది. పగల్లేదు, చప్పుడు మాత్రం చేసింది.

ఆ రాత్రి అన్నం కెలుకుతూ పదకొండు ఫోటోల సంగతీ భార్యకి చెప్పాడు. చేతులు కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ ఆవిడ అంది: "ఫోటోలకి నోరుంటే మాకు కోర్టులో పని ఉండేదా?"

గురువారం పదకొండింటికి కమిటీ గదిలో పొడవాటి బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దాయన, లా ప్రొఫెసరు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని పదకొండు ప్రింట్లూ పేకముక్కల్లా పరుచుకుని ఉన్నారు. ఇవతల ఒక కుర్చీలో ఆ అమ్మాయి. గోడ పక్కన మినిట్సు రాసుకుంటూ బాబాయ్. అతను పిలవకుండానే లోపలికొచ్చి నిలబడ్డాడు.

"రావయ్యా రా, నిన్ను పిలిపిద్దామనే అనుకుంటున్నాం. చాలా శ్రద్ధగా..."

"నేనే చెప్పాను సార్."

"ఏం చెప్పావు?"

"తలెత్తమని. ఎడమకి తిరగమని. కళ్లు దించమని." ఒక్కో ముక్కా పన్ను పీకినట్టు బయటికొచ్చింది. "వెలుగు కోసం సార్. ఆ అమ్మాయి నన్నేనా అన్నట్టు చూసింది కూడా, నాలుగోది చూడండి. నేనే, ఒక్క సెకను అమ్మా అని మళ్లీ మళ్లీ... మూడుసార్లు తిరిగింది నా మాట మీదే. పక్క పేపరు అక్కడుందని కూడా నేను చూసుకోలేదు. నాకు ఎండ ఒక్కటే కనపడింది."

పెద్దాయన కళ్లజోడు కిందికి దించుకున్నారు.

"మరి సోమవారం నాటి సంతకం?"

"అది నిజమే సార్. ఫోటోలో మార్పులు చేయలేదు. ఫోటో తియ్యకముందే చేశాను."

"నిన్న ఈ పదకొండూ పంపినప్పుడైనా ఈ ముక్క ఒక చీటీ మీద రాసి పెట్టొచ్చుగా?"

"ఫోటోలే చెప్తాయనుకున్నాను సార్."

"నీ గొంతు ఇందులో ఎక్కడ వినపడుతుందయ్యా?" పెద్దాయన నాలుగో ప్రింటు తీసి చూశారు, ఎనిమిదోది తీసి చూశారు, రెండూ పక్కనున్న ఆవిడకి అందించారు. "హాల్లో మాట్లాడకూడదని రాసిచ్చి వెళ్లావు. ఇప్పుడు చెప్పిన దానికి నీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా?"

"తెలుసు సార్."

ఆవిడ ప్రింట్లు కింద పెట్టి మెల్లగా అంది: "ఉద్యోగం పోయే మాట ఎవరూ సరదాకి చెప్పరు."

తెల్లకాగితం ఇచ్చారు. అతను నిలబడే, బల్ల మీద వంగి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసిచ్చాడు. పెద్దాయన చదివి, అమ్మాయికేసి తిరిగి, ఇతని మీద ఫిర్యాదు ఇచ్చే హక్కు నీకుందమ్మా, ఇస్తావా అని అడిగారు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, కాగితం ఇవ్వండి సార్ అంది. అతన్ని బయట కూర్చోమన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పావుగంట, ఇరవై నిమిషాలు. తలుపు తీసుకుని ఆ అమ్మాయి వచ్చింది, అతను లేచాడు.

"ఏమన్నారమ్మా?"

"పేపరు దిద్దుతారట సార్."

"హమ్మయ్య! ఇక భయం లేదు."

"మీ మీద రాశాను సార్. జరిగింది జరిగినట్టు."

"మంచి పని చేశావు. నిజంగా. రాయాల్సిందే."

ఆ అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంటూ ఆగింది. మొదటిసారి గొంతు వణికింది.

"మూడు వారాలుగా నేను ఇదే మాట చెప్తున్నాను సార్. ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని. ఎవరూ నమ్మలేదు. మీరొచ్చి రెండు నిమిషాలు చెప్పారు. ఇందాకట్నుంచీ లోపల మీ నిజాయితీ గురించే మాట్లాడుకుంటున్నారు." తుడుచుకోలేదు, కళ్లల్లో నీళ్లు అక్కడే ఉంచేసుకుంది. "ల్యాబుంది సార్, వెళ్తాను."

గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. అతను ఇంకా అలాగే నిలబడి ఉండగా బాబాయ్ బయటికొచ్చి, సిరా వేళ్లతో వీపు మీద ఒక్కటి చరిచాడు.

"బతికిపోయావయ్యా! తప్పు తనంతట తను ఒప్పుకున్నవాణ్ణి ఏం చేస్తాం, మందలింపు రాసి వదిలేద్దాం అన్నారు పెద్దాయన. ఫైలుకేం ఢోకా లేదు. ఇలాంటివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అని కమిటీ మేడమ్ కూడా ఒకటే ఇది."

"ఆ అమ్మాయికి ఏం చెప్పారు బాబాయ్?"

"పేపరు దిద్దుతామని చెప్పారుగా."

"అది కాదు. తప్పయిపోయిందమ్మా అని ఎవరైనా అన్నారా?"

బాబాయ్ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "దేనికి? ఆ... అనలేదనుకుంటా. కమిటీలో అవన్నీ ఎవరంటారయ్యా! అయినా నువ్వు అనుంటావుగా."

అతను నోరు తెరిచాడు. అన్నాడా? సోమవారం నుంచీ వెనక్కి వెతుక్కున్నాడు. జిరాక్సు కొట్టు దగ్గర, నేనలా రాయలేదమ్మా అన్నాడు. వస్తానన్నాడు. లోపల వెలుగు కోసం అన్నాడు, ఎండ కోసం అన్నాడు. ఇందాక, మంచి పని చేశావని మెచ్చుకున్నాడు కూడా, పరీక్ష పెట్టినవాడు మార్కులేసినట్టు. ఇన్ని మాటలన్నాడు. ఆ ఒక్క మాట అనలేదు.

మెట్లు రెండేసి చొప్పున దిగాడు. వరండా పొడుగునా పరిగెత్తాడు, పిల్లలు అటూ ఇటూ జరిగి, సహజం సార్‌కి ఏమైందిరా అనుకున్నారు. కెమిస్ట్రీ ల్యాబు తలుపు అప్పటికే మూసేశారు. తలుపులో అరచేతంత గాజు పలక ఉంది. లోపల ఆ అమ్మాయి తెల్లకోటు వేసుకుని, గాజు గొట్టంలో నీలం నీళ్లు ఎంత వరకొచ్చాయో కంటికి ఎదురుగా పట్టుకుని చూసుకుంటోంది.

ఈ యూనివర్సిటీలో ఏ తలుపైనా అతను అడక్కుండానే తోసుకెళ్లేవాడు, కెమెరా చూసి ఎవరూ ఎందుకనేవాళ్లు కాదు. చెయ్యి తలుపు మీదిదాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాడు.

ల్యాబు ఒంటిగంటన్నర దాకా. గాజు పలకకి ఎదురుగా కాకుండా, ఆ అమ్మాయికి కనపడకుండా పక్కకి జరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.